గాలీ దారీ ఉమ్మడివైనప్పుడే ఆరోగ్యం

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో పార్లమెంటు ఆమోదించిన సవరణలో ఒక నిబంధన ఉంది. న్యాయశాస్త్ర విద్యార్థులే కాక, ప్రజారోగ్యం గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ దాన్ని చదవాలి. బహిరంగ ప్రదేశంలో దళితులను, ఆదివాసులను సైకిలు గానీ మోటారుసైకిలు గానీ ఎక్కనివ్వకపోవడం, చెప్పులు తొడుక్కోనివ్వకపోవడం, కొత్త బట్టలు కట్టుకోనివ్వకపోవడం శిక్షార్హమైన నేరాలని ఆ నిబంధన చెబుతుంది. 2016 జనవరి 26న అది అమల్లోకి వచ్చింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 66 ఏళ్లకు, సరిగ్గా అదే తేదీన, ఒక మనిషి సైకిలెక్కి వీధిలో వెళ్లగలగడాన్ని శిక్షల చట్టంతో కాపాడవలసి వచ్చిందన్నమాట.

ఆ కాలంలోనే మరో గొంతు కూడా గట్టిగా వినిపించసాగింది. పొగ మానండి, రోజూ నడవండి, వీలైతే సైకిలు తొక్కండి అని ప్రభుత్వాలు, వైద్యులు, పత్రికల ఆరోగ్య పుటలు చెబుతున్నాయి. గుండెపోటు, పక్షవాతం, మధుమేహం, క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బులు పెరుగుతున్న వేళ ఆ మాటలో తప్పు లేదు. అయితే మా పెద్దలు ఊరి నడివీధిలో విన్న ఆజ్ఞలు వేరు. చెప్పులు విప్పు, సైకిలు దిగు, చుట్ట ఆర్పు. దొర అరుగు మీద ఉన్నంతసేపూ ఈ మూడూ శాసనాలే. దొర ఎదుట పొగ తాగడం తెలంగాణ పల్లెల్లో ధిక్కారం కింద లెక్క. ఆ అరుగు ముందు గాలి శుభ్రంగా ఉండాలని ఎవరూ ఆ శాసనం చేయలేదు; ఎదుట నిలబడినవాడికి వాడి చోటు గుర్తుచేయడానికి చేశారు. అలాంటి జ్ఞాపకం మోస్తున్న సమాజానికి 'ఇక్కడ పొగ తాగరాదు' అన్న బోర్డూ, 'రోజుకు అరగంట నడవండి' అన్న సలహా ఒట్టి వైద్యసూచనల్లా వినిపించవు.

దీర్ఘకాలిక వ్యాధుల నివారణను వ్యక్తుల అలవాట్ల దిద్దుబాటుగా మాత్రమే చూసే ప్రజారోగ్యం మన వాడల్లో, బస్తీల్లో గెలవదని నేను అనుకుంటున్నాను. పీల్చే గాలిలో, నడిచే దారిలో ఎవరి వాటా ఎంత, ఆ వాటాను నిర్ణయించే అధికారం ఎవరిది అన్నవే దాని అసలు ప్రశ్నలు. అవి మనకు కొత్తవి కావు. కులనిర్మూలన పోరాటం వందేళ్లుగా అడుగుతున్నవే.

'షుగరు, బీపీ ఉన్నవాళ్ల జబ్బులు' అన్న మాట ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. కాలం ఆ మాటను ఎప్పుడో దాటిపోయింది. ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా జరిపించి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనం మధుమేహంతో ఉన్నారు. పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో పక్షవాతం ఒక మనిషిని మాత్రమే పడగొట్టదు. ఆ మనిషి కూలి పోతుంది. చూసుకోవడానికి ఇంట్లో మిగిలిన ఇంకొకరి కూలీ పోతుంది. చాలాసార్లు ఆ ఇంటి ఆడపిల్ల చదువు కూడా పోతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదలకు గుండె ఆపరేషన్లు చేయించింది. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ గుండె ఆపరేషన్ బల్ల దాకా రాకుండా ఆపే పని ఆ పథకానిది కాదు. ఆ పని ఆసుపత్రి గోడలకు బయట, వీధిలో, ఇంట్లో, పనిచోటులో జరగాలి.

అక్కడ జరగవలసిన పనుల్లో ప్రపంచమంతా అంగీకరించినవి రెండున్నాయి. ఒకటి, నలుగురూ మసిలే చోట్లను పొగలేని చోట్లుగా మార్చడం. రెండు, బడికీ పనికీ బజారుకూ నడిచి గానీ సైకిలు మీద గానీ నిర్భయంగా వెళ్లగల దారులు కల్పించడం. ఈ రెంటిలోనూ ఉన్న ఉమ్మడి మాట 'బహిరంగ ప్రదేశం'. మన రాజ్యాంగంలోని 15(2) అధికరణం కూడా ఆ మాట మీదే నిలబడింది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు గుమిగూడే చోట్లు ఏ కులం వారికీ నిషిద్ధం కారాదని అది శాసించింది. ఆ పదాల వెనుక రక్తం ధారపోసిన చరిత్ర ఉంది. 1893లో అయ్యంకాళి తిరువాన్కూరు రాజవీధిలో ఎడ్లబండి మీద వెళ్లడం, 1924లో వైకోం ఆలయం చుట్టూ ఉన్న దారుల్లో నడిచే హక్కు కోసం సత్యాగ్రహం మొదలుకావడం, 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో కలిసి మహద్ చెరువు నీటిని తాగడం ఆ చరిత్రలోని ఘట్టాలు. వైకోంలో జనం అడిగింది గుడి ప్రవేశం కూడా కాదు, గుడి పక్క రోడ్డు మీద నడక. ఇరవై నెలల పోరాటం తర్వాత కూడా నాలుగు దారుల్లో మూడే తెరుచుకున్నాయి. నడకను నేటి ప్రజారోగ్యం ఒక వ్యాయామంగా గుర్తించడానికి ఎంతో ముందే మన ఉద్యమాలు దాన్ని ఒక హక్కుగా గుర్తించాయి.

ముందుగా గాలి సంగతి చూద్దాం. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం ఇతరుల జీవించే హక్కును భంగపరచడమేనని 1999లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు మురళీ దేవరా కేసులో ఆ సూత్రాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి పనిచోట్లను కూడా కలుపుకొని కొత్త నిబంధనలు అమలయ్యాయి. ఉల్లంఘిస్తే 200 రూపాయల దాకా జరిమానా. చూడడానికి అందరికీ ఒకే చట్టం. అయితే అదే చట్టం 30 గదులకు తగ్గని హోటళ్లలో, 30 మందికి తగ్గకుండా కూర్చునే రెస్టారెంట్లలో, విమానాశ్రయాల్లో పొగ తాగడానికి ప్రత్యేకమైన చోటు ఏర్పాటు చేసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. బస్టాండులో బీడీ వెలిగించిన హమాలీకి జరిమానా, విమానాశ్రయంలో సిగరెట్ వెలిగించిన ప్రయాణికుడికి గది. హమాలీ వదిలినా ప్రయాణికుడు వదిలినా పొగ పక్కవాడి ఊపిరితిత్తులకు చేసే చెరుపు ఒకటే. హమాలీకి కూడా గది కట్టించాలని నేను అడగడం లేదు. ఆ వెసులుబాటును పూర్తిగా ఎత్తివేయాలని అడుగుతున్నాను. సమానత్వం అంటే పొగ తాగే హక్కును పంచడం కాదు గదా, పొగలేని గాలిని పంచడం.

చట్టం చేసిన మేలెంత అన్నది లెక్కల్లో చూస్తే ఒక వింత కనబడుతుంది. పెద్దల్లో పొగాకు వాడకంపై దేశవ్యాప్తంగా రెండు పెద్ద సర్వేలు జరిగాయి, 2009-10లో ఒకటి, 2016-17లో ఒకటి. ఇంట్లో ఇతరులు వదిలే పొగను పీలుస్తున్న పెద్దలు ఈ మధ్యకాలంలో 52.3 శాతం నుంచి 38.7 శాతానికి తగ్గారు. గదుల్లో పనిచేసేవారిలో పనిచోట అలాంటి పొగ పీలుస్తున్నవారు మాత్రం 29.9 శాతం నుంచి 30.2 శాతం దగ్గరే ఆగిపోయారు. చట్టం చేయి చేరే పనిచోటులో పొగ కదలలేదు. చట్టం గడప కూడా తొక్కని ఇంట్లో పొగ తగ్గింది. ఇళ్లకు ఏ ఇన్‌స్పెక్టరూ పోలేదు. ఆడవాళ్లు, పిల్లలు 'బయటికి వెళ్లి తాగు' అని అనగలిగినచోట, ఆ మాటకు ఇంటి మగవాడు తలవంచినచోట గాలి మారిందని నేను అర్థం చేసుకుంటున్నాను. యజమాని దయ మీద బతికే చిన్న కార్ఖానాలో, దుకాణంలో ఆ మాట అనగలిగే ధైర్యం కూలివాడికి లేదు. గొంతు ఉన్నచోట గాలి శుభ్రపడింది, గొంతు లేనిచోట చట్టం కాగితంగా మిగిలింది.

సముదాయం తనంత తాను పూనుకుంటే ఏం జరుగుతుందో చూపడానికి మనకు పరాయి దేశాల ఉదాహరణలు అవసరం లేదు. ఉత్తరాంధ్రలో చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకొని తాగే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరిపోకుండా, నిప్పు రవ్వ ఒంటి మీద పడకుండా ఉండాలని పనిచేసే ఆడవాళ్లు ఈ పద్ధతి పట్టారని చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో 10 వేల మందికి పైగా గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన ఒక అధ్యయనంలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగుతున్నట్టు తేలింది. వారిలో ఎక్కువ మంది స్త్రీలు. నిప్పువేడి నేరుగా అంగిలికి తగలడం వల్ల అక్కడ తెల్లమచ్చలు, పుండ్లు, చివరికి అంగిలి క్యాన్సర్ వచ్చేవి. గిరీశం చుట్టను పొగిడితే మన సాహిత్యలోకం నూరేళ్లుగా నవ్వుకుంది. అదే నేల మీద, అంగిలి కాల్చుకుంటూ బతికిన కూలి ఆడవాళ్ల చుట్ట మాత్రం వైద్యపత్రికలకు తప్ప ఎవరికీ పట్టలేదు.

ఆ స్త్రీల దగ్గరికి ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య బృందం వెళ్లింది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో కలిపి 36 వేల మంది పొగాకు వాడకందారులను ఇంటింటికీ వెళ్లి పరీక్షించి, వారి భాషలో, వారి ఎదుట కూర్చొని మాట్లాడింది. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అలా మాట్లాడినచోట పొగాకు మానినవారు, తగ్గించినవారు ఎక్కువగా కనిపించారు. క్యాన్సర్‌కు ముందు నోట్లో వచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. అప్పటికి 2003 చట్టం లేదు, జరిమానా లేదు, పుర్రె బొమ్మ లేదు. అక్షరం రాని స్త్రీలు మారరు అనుకోవడం అక్షరం వచ్చినవారి అపోహ మాత్రమేనని ఆ పని తేల్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతో నిలిచిన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించి, రాష్ట్ర ప్రభుత్వమే 1993లో సారాను నిషేధించేదాకా నడిపిన పోరాటం కూడా ఇదే నేర్పింది. ఆ మాట ఆదేశంగా పైనుంచి దిగలేదు. వాడలోంచి పైకి లేచింది. అందుకే నిలబడింది.

ఇక్కడ నా ఇంటి మాట ఒకటి చెప్పాలి. నేను నిజామాబాద్ వైపు, బీడీలు చుట్టే ఇంట్లో పుట్టాను. రాత్రి తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకును పొద్దున రేకు కొలతతో కత్తిరించి, చాట ఒడిలో పెట్టుకొని, తంబాకు నింపి, దారం కట్టి వేయి బీడీలు పూర్తిచేసేసరికి అమ్మకు పొద్దు వాలేది. బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు కూలి రాదు. ఆ ఇంట్లో ఎవరూ పొగ తాగలేదు. అయినా ఆ ఇంటి గాలిలో పొద్దస్తమానం పొగాకు ధూళి ఉండేది. మేం అదే గదిలో తిన్నాం, చదువుకున్నాం, నిద్రపోయాం. అమ్మ దగ్గు, నడుము నొప్పి, మసకబారిన కళ్లు ఏ పొగాకు నియంత్రణ నివేదికలోనూ లెక్కకు రాలేదు. పొగలేని చోటు అనే నిర్వచనం ప్రకారం మాది పొగలేని ఇల్లే.

దేశంలో దాదాపు 50 లక్షల మంది బీడీ కార్మికులు ప్రభుత్వ లెక్కల్లో నమోదై ఉన్నారు. వారిలో అత్యధికులు ఇంటి దగ్గరే చుట్టే స్త్రీలు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో వారు పద్మశాలీ, గౌడ, ముదిరాజ్ వంటి బీసీ కులాలకు, దళిత కులాలకు, ముస్లిం సమాజానికి చెందినవారు. ఆ ఆకు కోసేది అడవిలో ఆదివాసులు. బీడీ తాగేది కూడా ఎక్కువగా ఆ శ్రామిక జనమే. 2016-17 సర్వేలో పెద్దల్లో సిగరెట్ తాగేవారు 4 శాతమైతే బీడీ తాగేవారు 7.7 శాతం. కోసే చేయి, చుట్టే చేయి, కాల్చే పెదవి, చివరికి రోగమొచ్చే ఊపిరితిత్తి అన్నీ ఒకే సామాజిక శ్రేణివి. లాభం మాత్రం ఆ శ్రేణిది కాదు.

అందువల్ల బీడీ కట్ట మీద పుర్రె బొమ్మ వేయాలన్నప్పుడు బీడీ కార్మిక స్త్రీలు రోడ్డెక్కితే, వారిని ఆరోగ్యానికి శత్రువులుగా చూడడం అన్యాయం. వారు కాపాడుకున్నది పొగను కాదు, పొయ్యిని. యజమానులు వారి భయాన్ని అడ్డం పెట్టుకున్నారన్నది నిజమే. ఆ భయం నిజమైనదన్నదీ అంతే నిజం. 2004లో మన దేశం ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలోని 17వ అధికరణం పొగాకు కార్మికులకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయ ఉపాధి చూపాలంటుంది. దాని బదులు మనం చేసిందేమిటి? బీడీ కార్మికుల సంక్షేమానికి 1976 నుంచి వసూలవుతున్న ప్రత్యేక సుంకం 2017లో జీఎస్టీతో రద్దయింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీలపై పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. పన్ను తగ్గితే బీడీ చవకగా ఉంటుంది. పేదవాడు మానడం కష్టమవుతుంది. చుట్టే స్త్రీకి మరో పని మాత్రం రాదు. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇస్తున్న పెన్షన్ ఊరట. అది మరో బతుకుదారి కాదు. బీడీపై పన్ను పెంచి, ఆ పెంచిన ప్రతి రూపాయినీ చుట్టే స్త్రీల కొత్త ఉపాధికి, వారి పిల్లల చదువుకు, వారి ఊపిరితిత్తుల పరీక్షలకు కట్టుబెట్టమని అడగడమే బహుజన ప్రజారోగ్యం కావాలి.

ఇక దారి. 2011 జనగణన జనం పనికి ఎలా వెళ్తారన్నది లెక్కగట్టింది. సేద్యం, కుటుంబ పరిశ్రమలు కాక ఇతర పనులు చేసే దాదాపు 20 కోట్ల మందిలో 22.6 శాతం నడిచి వెళ్తారు, 13.1 శాతం సైకిలు మీద వెళ్తారు. కార్లు, జీపులు, వ్యాన్లలో వెళ్లేవారు 3 శాతం లోపే. అంటే మన దేశంలో నడకను, సైకిలును ప్రచారం చేయవలసిన పనే లేదు; ఇప్పటికే నడుస్తున్నవారిని, తొక్కుతున్నవారిని బతకనిస్తే చాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టుకొని రోడ్డు మీదికి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు, అడ్డా మీదికి నడిచి వెళ్లే కూలి, మధ్యాహ్న భోజనం వండడానికి బడికి వెళ్లే తల్లి ఈ నడిచే జనంలోని వారే. మన నగరాల్లో వాహనాలను కాక మనుషులను కదిలించడమే ధ్యేయంగా ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రాసుకుంది. కానీ డబ్బు ఫ్లైఓవర్ల మీదికి పోయింది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పార్కింగ్, ఆ పక్కన మురుగుకాలువ. నడిచేవాడు రోడ్డు మీదికి దిగాలి. పాదచారులకు నడవదగిన ఫుట్‌పాత్ ఉండడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వైకోం సత్యాగ్రహానికి నూరేళ్లు నిండిన కాలంలోనే దారి మళ్లీ న్యాయస్థానం ముందు నిలబడింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కూలి జనం ఎలాగూ ఒళ్లు వంచి పనిచేస్తారు కదా, వారికి నడకదారులు, పార్కులు ఎందుకు అని. ఈ మాట విద్యావంతుల నోటా వింటాను. రోజంతా బరువులు మోయడం, వంగి ఊడ్చడం, ఎండలో నిలబడడం వేరు. తన వేగంతో, తన ఇష్టంతో, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ నడవడం వేరు. ఉద్యోగంలో చేసే బరువు పని గుండెకు విరామవేళ వ్యాయామమంత మేలు చేయదని, ఒక్కోసారి హాని కూడా చేస్తుందని డెన్మార్క్ పరిశోధకులు కొంతకాలంగా వాదిస్తున్నారు. ఇంకో వైపు, 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం భారతదేశంలో పెద్దల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక కదలిక లేదు. స్త్రీలలో అది 57 శాతం. స్త్రీలు సోమరులై కదలడం మానలేదు. సాయంత్రం ఆరు దాటాక వీధి వారిది కాదు. దళిత స్త్రీకి ఆ వీధి రెండుసార్లు పరాయిది.

దారి ఇస్తే ఏం జరుగుతుందో చూశాం. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో కలెక్టర్ షీలా రాణి చుంకత్ ఆధ్వర్యంలో సాగిన అక్షరాస్యత ఉద్యమం సైకిలు నేర్పడాన్ని చదువులో భాగం చేసింది. వేలాది మంది గ్రామీణ స్త్రీలు, క్వారీ కూలీలు, పొలం కూలీలు సైకిళ్లెక్కారు. నీళ్లు తెచ్చుకున్నారు, సరుకు అమ్ముకున్నారు, ఎవరి అనుమతీ అడగకుండా ఊరు దాటారు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెట్టాక హైస్కూళ్లలో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్కతేల్చారు. ఆ సైకిళ్లు ఏ కాళ్లకు బలమిచ్చాయో ఆ కాళ్లే బడి గడప దాటాయి. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగురోడ్డు వెంట సోలార్ పలకల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైంది. దాన్ని నేను కాదనను. ఐటీ ఉద్యోగి సైకిలు తొక్కడం మంచిదే. అయితే పాతనగరంలోనూ, శివారు బస్తీల్లోనూ పాలపాకెట్లు, పాత ఇనుము, కూరగాయలు సైకిలుకు కట్టుకొని బతుకు తొక్కుతున్నవారికి నీడ మాట దేవుడెరుగు, అంచు గీత కూడా లేదు. సైకిలు సరదా అయినచోట దారి పుట్టింది, సైకిలు బతుకైనచోట పుట్టలేదు.

అందుకే నా సూచనలు వాడ నుంచి మొదలవుతాయి. అంగన్‌వాడీ, కమ్యూనిటీ హాలు, ఆటో, బడి ఆవరణ, పిల్లలున్న ఇల్లు పొగలేని చోట్లుగా ఉండాలని తీర్మానించే అధికారం వాడలోని స్త్రీల సంఘాలకు, గ్రామసభకు దక్కాలి. జరిమానా రసీదు కంటే ఆ తీర్మానానికి బలం ఎక్కువ. మానాలనుకునేవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మందు, మాటసాయం దొరకాలి. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ చేయాల్సిన బీపీ, షుగరు, నోటి పరీక్షలు ఆశా కార్యకర్త చేతికి మరో భారంగా కాక, చాలినంత జీతంతో కూడిన పనిగా అందాలి. వాడ నుంచి బడికి, ఆసుపత్రికి, బస్సు ఆగేచోటికి వెళ్లే దారిలో వెలుతురు, కాలిబాట మొదట రావాలి. ఉపప్రణాళిక చట్టాల కింద ఎస్సీ, ఎస్టీలకు కేటాయించే నిధుల్లో ఈ దారులకు పేరుపెట్టి వాటా ఉండాలి. ఆ దారి మీద సైకిలు ఆపి దిగమన్నవాడి మీద 2015 సవరణ కింద కేసు నమోదు కావాలి. ఈ చివరి డిమాండు ప్రజారోగ్యం జాబితాలోకి ఎలా వస్తుందని అడిగేవారు, సైకిలు దిగమన్న భయం ఒంట్లో రక్తపోటుగా ఎన్నేళ్లు నిలుస్తుందో ఆలోచించాలి.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తాను. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మరాదని 2003 చట్టం చెబుతోంది. మీ కాలేజీ గేటు నుంచి టేపు పట్టుకొని కొలవండి, ఎన్ని డబ్బాలున్నాయో రాయండి. ఆ డబ్బా నడిపేవాడి మీద విరుచుకుపడకండి. అతనూ మనవాడే అయ్యుంటాడు. డబ్బా దాటి ఎక్కడ, ఏ సరుకుతో బతకవచ్చో మున్సిపాలిటీతో కలిసి తేల్చండి. మీ ఎస్సీ, బీసీ హాస్టల్ నుంచి కాలేజీకి ఉన్న దారిని కూడా నడిచి కొలవండి. ఫుట్‌పాత్ ఎక్కడ తెగింది, దీపం ఎక్కడ లేదు, ఆడపిల్లలు ఏ మలుపు దగ్గర వేగంగా నడుస్తున్నారు, ఏ వీధిలో మిమ్మల్ని ఇప్పటికీ పేరు అడగకుండా కులం అడుగుతున్నారు, అన్నీ ఒకే పటం మీద గుర్తించండి. ఆ పటాన్ని కలెక్టరుకూ జిల్లా వైద్యాధికారికీ ఒకే రోజున ఇవ్వండి. ఇద్దరూ అది తమ శాఖ పని కాదంటారు. ఇద్దరి పనీ అదేనని ఒప్పించడం దగ్గర మన ఉద్యమం మొదలవుతుంది.